ఉసిక్-ఫ్యూరీ రీమ్యాచ్: ఫ్యూరీ ప్లాన్ మారుస్తాడా?

ప్రశ్న (2024 డిసెంబర్ 20): హెవీవెయిట్ బాక్సర్లు ఉసిక్, ఫ్యూరీలకు రేపే రియాద్‌లో రెండో ఫైట్. మే 18న ఉసిక్ స్ప్లిట్ డెసిషన్‌తో (ముగ్గురు జడ్జీల్లో ఇద్దరు అతనికి, ఒకరు ఫ్యూరీకి ఇవ్వడంతో) గెలిచాడు. అప్పుడు ఫ్యూరీ 262 పౌండ్లు, ఈరోజు తూకంలో బట్టలతో 281. ఉసిక్ మీదపడి అలసగొట్టే ప్లానేనా?

జవాబు 1: మీద వాలాలంటే ముందు మనిషి దొరకాలి కదండీ. ఉసిక్ సౌత్‌పా, అంటే కుడి కాలు, కుడి చెయ్యి ముందుంచి ఆడే ఎడమచేతివాటం బాక్సర్. అతని కుడి పాదం ఫ్యూరీ ఎడమ పాదానికి బయట పడిందంటే ఎడమచేతి స్ట్రెయిట్‌కి (నేరు దెబ్బకి) దారి తెరుచుకున్నట్టే. నేను చూసేది ఆ పాదాలనే. మేలో మధ్య రౌండ్లలో ఫ్యూరీకి పనిచేసినవి పొట్ట మీద దెబ్బలు, కుడి అప్పర్‌కట్ (కింది నుంచి గడ్డం మీదకి కొట్టే దెబ్బ). వాటికి కాళ్లు కుదురుగా ఉండాలి, బరువు పెరిగితే ఏడో రౌండ్ తర్వాత అవే మొరాయిస్తాయి.

జవాబు 2: 2019లో హెవీవెయిట్లు రూయిజ్, జాషువాల రీమ్యాచ్ గుర్తుందా అన్నా? రూయిజ్ 268 పౌండ్ల నుంచి 283కి పెరిగి వచ్చాడు, జాషువా 10 పౌండ్లు తగ్గి 12 రౌండ్లూ జాబ్ (ముందు చేత్తో వేసే చిన్న నేరు దెబ్బ) వేస్తూ పక్కకు జరుగుతూ గెలిచాడు.

జవాబు 3: నాకు భయం ఫ్యూరీ మనసు గురించే. మొదటిది తనే గెలిచానంటున్నాడు, ఇక మార్చుకునేదేముంది? అందులో తొమ్మిదో రౌండ్‌లో రింగ్ తాళ్లు ఆపకపోతే కింద పడేవాడు, రిఫరీ నాక్‌డౌన్‌గా కౌంట్ చేశాడు, దానికి ఒక పాయింట్ పోయింది. ఆ ఒక్క పాయింట్ పోకుంటే ముగ్గురు జడ్జీల స్కోరు కార్డులూ కలిపి డ్రా అయ్యేది. అందుకే తేడా చిన్నదే అనుకుంటున్నాడు. ఉసిక్ మాత్రం చివరి రౌండ్లలోనే వేగం పెంచుతాడు. నా లెక్క ఉసిక్, పాయింట్ల మీద.