లాహిరి లాహిరి లాహిరిలో: ఏ ఆడియో అసలుది? బాణీ ఎవరిది?

పాతపాటలపిచ్చి: మాయాబజార్ (1957) పడవ పాట నా దగ్గర రెండు ఫైళ్లున్నాయి. రెండిటికీ శ్రుతి కలవట్లేదు. ఏది సరైనది? పనిలో పనిగా, బాణీ సంగీత దర్శకుడు సాలూరి రాజేశ్వరరావు వారిదేనా?

రసాలూరు: ఇంకా "వారిదేనా" ఏంటండీ! ఇది, చూపులు కలసిన, నీవేనా నను తలచినది, నీ కోసమె... నాలుగూ రాజేశ్వరరావు గారివే. ఆయన మధ్యలో తప్పుకున్నారు, టైటిల్స్‌లో ఘంటసాల పేరొక్కటే పడింది.

ఘంటసాలభక్త: మొదలెట్టారూ! వాద్యాలు కూర్చింది, రికార్డు చేయించింది, లీల గారితో కలిసి పాడింది ఎవరు? వరస కట్టి వెళ్లిపోతే పాటైపోతుందా?

రసాలూరు: వరసే లేకపోతే మీ వాద్యాలు దేనికి కూరుస్తారు సార్?

వయొలిన్‌మాస్టారు: కాస్త ఆగండి. పిల్లలకు ఈ పాట రాగం మోహన పాఠం చెప్పేవాణ్ణి కాబట్టి చెబుతున్నా. మధ్యమం, నిషాదం లేని అయిదే స్వరాలు. వాటితోనే ఆ తూగు రప్పించారు. పాడి చూస్తే తెలుస్తుంది ఎంత కష్టమో.

ఘంటసాలభక్త: మోహన అని మాకూ తెలుసు మాస్టారూ. గొడవ అది కాదు.

నలుపుతెలుపు: పాట సరే, కెమెరామన్ మార్కస్ బార్‌ట్లీ వెన్నెల సంగతెవరూ ఎత్తరేం? స్టూడియోలో లైట్లతో పుట్టించాడు మహానుభావుడు. 2010లో రంగులేసి పాడుచేశారు.

శశిరేఖ77: రంగులుండబట్టే మా పిల్లలు కూర్చుని చూశారు.

నలుపుతెలుపు: పాటలు కోసేసిన ప్రింటు చూశారన్నమాట. సంతోషం.

శశిరేఖ77: వెటకారం అక్కర్లేదు.

మద్రాసువాసి: ఇదే పాట తమిళంలో "ఆహా ఇన్బ నిలావినిలే" వినండి. గొంతులు అవే, సాహిత్యం తంజై రామయ్యదాస్‌ది. పడవలో జెమినీ గణేశన్, ఎంత అందంగా ఉంటాడో!

రసాలూరు: నాగేశ్వరరావు ముందా?!

గ్రామఫోన్: అడిగినదానికి ఒక్కరూ జవాబివ్వలేదు. సినిమా సెకనుకు 24 ఫ్రేములు. మన టీవీ పద్ధతిలో 25 చొప్పున నడిపితే నాలుగు శాతం వేగం పెరిగి, శ్రుతి అరమెట్టుకు కాస్త తక్కువగా పైకి పోతుంది. నిమిషానికి 78 చుట్లు తిరిగే గ్రామఫోన్ రికార్డు నుంచి ఎక్కించిందైతే పళ్లెం తిరిగిన వేగాన్ని బట్టి ఉంటుంది. ఆ ఫైళ్లు ఎక్కడివో చెప్పండి ముందు.

పాతపాటలపిచ్చి: ఒకటి టీవీలోంచి పట్టిందే! రెండోది ఎవరో పంపారు. మరి బాణీ...

ఘంటసాలభక్త: మళ్లీ బాణీయేనా? టైటిల్స్ చూసుకోండి.

మద్రాసువాసి: జెమినీ మీద ఆ "ముందా" ఏంటో ముందు తేల్చండి.