పలచటి 120 నెగెటివ్‌లకు ఏ స్కానర్ తీసుకోవాలి?

తణుకు_రీలు: మా పెదనాన్నగారి స్టూడియో నెగెటివ్‌లు ఓ బిస్కెట్ల డబ్బా నిండా ఉన్నాయి. అన్నీ 120 రోల్ ఫిల్మ్ మీద తీసిన 6×6 సెంటీమీటర్లవి, బ్లాక్ అండ్ వైట్, ఎక్కువగా ఓర్వో, ఇందు రోళ్లు. పగటివి బాగానే ఉన్నాయి. రాత్రి పెళ్లిళ్లవే మరీ పలచన, ఫ్లాష్ అందని వెనక వరుసవాళ్లు కనీకనపడకుండా ఉన్నారు. ఎప్సన్ వి600 కొందామంటే, దాని డీమ్యాక్స్ 3.4 చాలదు, 4.0 ఉన్న వి850 తీసుకోమంటున్నాడు షాపాయన. ధర చూస్తే కళ్లు తిరిగాయి. అంత అవసరమా?

చీకటిగది: స్లైడ్‌లకైతే ఆయన చెప్పింది కరెక్టేనండీ. మీవాటికి కాదు. స్కానర్ ఎంత నల్లటి చోటు నుంచి వివరం లాగగలదో చెప్పేది డీమ్యాక్స్. వెలుతురు చాలక తీసిన నెగెటివ్‌లో అసలు నలుపెక్కడుంది? ఉన్న కాస్త వివరమూ ఫిల్మ్ బేస్‌కి, అంటే బొమ్మ పడని ఖాళీ ఫిల్మ్ నలుపుకి, కొంచెం పైన ఇరుకుగా ఉంటుంది. దాన్ని సాగదీయాలి. అందుకని ఆటో ఎక్స్‌పోజర్ ఆపేసి, 16 బిట్ గ్రేస్కేల్ టిఫ్‌గా స్కాన్ చేసి, హిస్టోగ్రామ్ (నలుపు నుంచి తెలుపు దాకా ఏ ఛాయ ఎంతుందో చూపే గ్రాఫ్) రెండు కొనలూ మీరే దగ్గరికి జరపండి. 8 బిట్ జేపెగ్‌ని అంత సాగదీస్తే బుగ్గల మీద చారలు పడతాయి.

ఇన్‌ఫ్రారెడ్‌తో దుమ్ము కనిపెట్టి చెరిపే డిజిటల్ ఐస్ జోలికి పోకండి. బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్‌లో బొమ్మంతా వెండే, అది ఇన్‌ఫ్రారెడ్‌కి కూడా అడ్డమే, దాన్నీ దుమ్మనుకుని చెరిపేస్తుంది. దుమ్ము ఊదే బ్లోయరే దిక్కు. పలచటి నెగెటివ్‌లో కాంట్రాస్ట్ పెంచేకొద్దీ ప్రతి గీతా పైకి తేలుతుంది మరి.

వి850 నిజంగా ఎక్కువిచ్చేది షార్ప్‌నెస్. వి600 కాగితం మీద 6400 డీపీఐ (అంగుళానికి చుక్కలు) అన్నా చేతికొచ్చేది 1500 పైచిలుకే. 6×6కి అది పదంగుళాల ప్రింటుకు సరిపోతుంది.

మ్యాక్రో_మావయ్య: డీఎస్‌ఎల్‌ఆర్, మ్యాక్రో లెన్స్ ఉంటే స్కానరే వద్దు. లైట్ ప్యానెల్ మీద పెట్టి రా ఫైల్ తీయండి. ఫిల్మ్ అంచు తెలుపు క్లిప్ అవడానికి (పూర్తిగా తెల్లబడి వివరం పోవడానికి) ఒక్క మెట్టు ముందు ఆపితే నాయిస్ తక్కువగా ఉంటుంది.

తణుకు_రీలు: కెమెరా లేదండీ. ఏ ఫ్రేముల్లో ఏమైనా మిగిలిందో ముందే తెలుసుకోవచ్చా?

చీకటిగది: నల్ల గుడ్డ మీద మెరుపు లేని వైపు పైకి ఉండేలా పెట్టి, పక్క నుంచి లైటు వేసి ఏటవాలుగా చూడండి. వెండి తెల్లగా మెరిసి బొమ్మ పాజిటివ్‌లా కనిపిస్తుంది. అలా చూసినా ఏమీ లేని చోట లక్ష పోసినా ఏమీ రాదు.

తణుకు_రీలు: చూశాను! వెనక వరుసలో మా అత్తయ్య ముక్కుపుడకతో సహా కనిపిస్తోంది. వి600 ఆర్డర్ పెట్టేస్తున్నా. ఫిల్మ్ మాత్రం చుట్టలు తిరిగిపోయింది, హోల్డర్‌లో నిలుస్తుందా?

చీకటిగది: స్లీవుల్లో పెట్టి లావుపాటి పుస్తకాల కింద ఓ వారం ఉంచండి. అప్పటికీ లొంగకపోతే పైన యాంటీ న్యూటన్ గ్లాస్ (సన్నటి గరుకున్న గాజు) వేయండి. మామూలు గాజు వేస్తే ఇంద్రధనస్సు వలయాలు వస్తాయి.