శాసనసభ్యుడు న్యాయమూర్తి కావచ్చునా? అబ్నర్ మిక్వా నియామకంపై చర్చ

విశ్రాంత ఉద్యోగి: ఇలినాయ్ నుంచి అమెరికా ప్రతినిధుల సభకు ఎన్నికైన మిక్వాను, సభ్యుడిగా ఉండగానే, 1979లో అధ్యక్షుడు కార్టర్ డి.సి. సర్క్యూట్ అప్పీలు కోర్టుకు (రాజధాని వాషింగ్టన్‌లోని ఫెడరల్ అప్పీలు కోర్టు) న్యాయమూర్తిగా నియమించారు. అమెరికా రాజ్యాంగం మొదటి అధికరణంలోని ఆరవ సెక్షన్ ప్రకారం, ఒక సభ్యుడు ఎన్నికైన కాలంలో ఏ పదవికి జీతం పెంచారో, ఆ కాలం ముగిసేదాకా ఆ పదవిలో అతణ్ణి నియమించరాదు. న్యాయమూర్తుల జీతం పెంచారనే కదా ఐడహో సెనేటర్ మెక్లూర్ దావా వేసింది!

చికాగో చదువరి: ఆ దావాను 1981లో కొట్టివేశారు.

విశ్రాంత ఉద్యోగి: ఏమని కొట్టివేశారో కూడా చెప్పండి. సెనేట్ 58–31 ఓట్లతో ఆమోదించాక అదే వాదనతో కోర్టుకు వచ్చే అర్హత సెనేటరుకు లేదన్నారు తప్ప, నియామకం చెల్లుతుందో లేదో తేల్చలేదు. నా పింఛను వ్యాజ్యాన్నీ ఏడేళ్లు వాయిదాలు వేసి, చివరకు నాకు లోకస్, అంటే దావా వేసే అర్హత, లేదని మూసివేశారు.

బాటసారి: మళ్లీ పింఛనా!

చికాగో చదువరి: మీకు జరిగింది అన్యాయమే కావచ్చు, కానీ దానికి మిక్వా బాధ్యుడు కాడు. 1937లో సెనేటర్ హ్యూగో బ్లాక్ సుప్రీంకోర్టుకు వెళ్లినప్పుడు ఇదే సెక్షన్ ఎత్తి చూపిన అర్జీ కూడా ఇలాగే వీగిపోయింది. ఆయన 34 ఏళ్లు ఆ పీఠంపై ఉన్నారు. తుపాకుల నియంత్రణ కోరినందుకు మిక్వాను జాతీయ రైఫిల్ సంఘం ఎదిరించింది. జీతం మాట దానికి ముసుగు మాత్రమే, మీరు ఆ ముసుగునే పట్టుకు వేలాడుతున్నారు.

విశ్రాంత ఉద్యోగి: నాకు ముసుగులు అంటగట్టకండి! జీతం సంగతి వదిలేస్తాను. పదిహేనేళ్లు తీర్పులు చెప్పి, ఆ అప్పీలు కోర్టుకు ప్రధాన న్యాయమూర్తిగా కూడా చేసి, 1994లో ఆయన నేరుగా క్లింటన్ శ్వేతసౌధానికి న్యాయ సలహాదారుగా వెళ్లారు. రాజకీయం నుంచి వచ్చి తిరిగి రాజకీయానికే వెళ్లే మనిషి ముందు ఎదుటి పక్షంవాడు ఏ నమ్మకంతో నిలబడాలి?

చికాగో చదువరి: ఈ మాట మొదటే అని ఉంటే ఇంత రభస ఉండేది కాదు. నా అభిప్రాయం దీనికి పూర్తిగా విరుద్ధం. బిల్లులో ఒక వాక్యం ఏ బేరసారాల మధ్య పుడుతుందో కళ్లారా చూసినవాడు చట్టాన్ని మరింత జాగ్రత్తగా చదువుతాడు. స్వలింగ సంపర్కుడినని చెప్పినందుకు నౌకాదళ అకాడమీ పంపివేసిన విద్యార్థికి 1993లో ఆయన ధర్మాసనం న్యాయం చేసింది. మరుసటి ఏడాది పూర్తి ధర్మాసనం దాన్ని తిరగరాసింది. పార్టీ కోసం ఆయన రాసిన తీర్పు ఒక్కటి చూపగలరా?

విశ్రాంత ఉద్యోగి: చూపలేను. అయినా నా అభ్యంతరం ఆయన తీర్పుల మీద కాదు, ఆయన వచ్చి వెళ్లిన దారి మీద.