అమెరికా వచ్చే పెద్దవాళ్ల సూట్‌కేసులకు తాళం వేయాలా, వద్దా?

పద్మ_విజయవాడ: మా అత్తగారు, మామగారు హైదరాబాద్ నుంచి దోహా మీదుగా డాలస్ వస్తున్నారు. మామగారు మామూలు తాళాలు కొనేశారు. తనిఖీలో వాటిని పగలగొడతారంటున్నారు, నిజమేనా? పచ్చళ్లు ఎలా సర్దాలో కూడా చెప్పండి.

శ్రీను_అట్లాంటా: మామూలు తాళం అస్సలు వద్దండి. మా అమ్మ పెట్టె తాళం కోసేసి, తనిఖీ చేశామని లోపల కాగితం పెట్టారు. తాళం తెగితే తమ బాధ్యత కాదని అందులోనే ఉంది. పట్టుచీరలన్నీ ఉండచుట్టి కుక్కారు. చూసి ఆవిడ ఏడ్చింది.

బ్యాగేజీ_అన్న: నేను ఎయిర్‌పోర్టులో లగేజీ సెక్షన్‌లో పనిచేశాను. దోహా నుంచి నేరుగా వచ్చి డాలస్‌లోనే దిగిపోతే మామూలుగా టీఎస్‌ఏ (అమెరికా ఎయిర్‌పోర్టుల్లో భద్రతా తనిఖీ చేసే ప్రభుత్వ సంస్థ) ఆ పెట్టె జోలికి రాదు. అక్కడ తెరిపించేది కస్టమ్స్ వాళ్లు, అదీ మన ఎదుటే. శ్రీనుగారు అందరినీ ఊరికే భయపెడుతున్నారు.

శ్రీను_అట్లాంటా: భయపెట్టడం ఏంటండీ? మా అమ్మ న్యూయార్క్‌లో దిగి, పెట్టె మళ్లీ ఇచ్చి అట్లాంటా ఫ్లైట్ ఎక్కింది. మనవాళ్లలో ఎంతమంది అలా మారి రావట్లేదు? తిరుగు ప్రయాణంలో ఎలాగూ టీఎస్‌ఏ చూస్తుంది.

కరీంనగర్_రాజు: ఎర్ర డైమండ్ గుర్తున్న తాళం కొనండి, గొడవ వదిలిపోతుంది. టీఎస్‌ఏ వాళ్లు తమ మాస్టర్ కీతో తెరిచి మళ్లీ వేస్తారు.

తాళంచెవి: ఆ మాస్టర్ కీల ఫొటో 2014లో ఒక పేపర్‌లో వచ్చింది. 2015కల్లా త్రీడీ ప్రింటర్‌లో చేసుకునే డిజైన్లు నెట్‌లో పెట్టారు. దాన్నా మీరు నమ్మేది? అసలు జిప్ సూట్‌కేసైతే బాల్‌పెన్ గుచ్చినా విచ్చుకుంటుంది.

కరీంనగర్_రాజు: అయితే ఇంటికి కూడా తాళం వేయకండి! బెల్టు మీద పడ్డప్పుడు జిప్ తెరుచుకోకుండా ఉంటే చాలు నాకు.

తాళంచెవి: అలా అయితే తాళమని ఎందుకంటారు, క్లిప్పు అనండి. బంగారం దాంట్లో పెట్టి ధీమాగా ఉండే వాళ్లను చూశాను, అందుకే చెబుతున్నా.

బ్యాగేజీ_అన్న: బంగారం, మందులు, పాస్‌పోర్టు ఎప్పుడూ చేతిసంచిలోనే. పవర్‌బ్యాంక్ కూడా. అది చెక్‌ఇన్ పెట్టెలో ఉంటే శంషాబాద్‌లోనే ఎక్స్‌రేలో పట్టుకుని, మనిషిని పిలిచి తెరిపిస్తారు. తాళంచెవి మామగారి దగ్గర ఉండాలి, అత్తగారి పర్సులో కాదు.

లక్ష్మి_ఫ్రిస్కో: పచ్చళ్ల సంగతి ఎవరూ చెప్పరేం? ఆవకాయ, గోంగూర పర్వాలేదు. చికెన్, మటన్ పచ్చళ్లు తీసేసుకుంటారు. పచ్చి కరివేపాకు అసలే వద్దు. తిండి సామాను ఉందని ఫారంలోనో, ఆఫీసర్ అడిగినప్పుడో చెప్పాల్సిందే. దాచితే జరిమానా.

శ్రీను_అట్లాంటా: మటన్ పచ్చడి మావాళ్లు తెచ్చారే!

లక్ష్మి_ఫ్రిస్కో: తెచ్చారేమో. డెబ్బై ఏళ్ల పెద్దాయన్ని ఆ కౌంటర్ ముందు నిలబెట్టడానికి నాకు మనసు రాదు. మామూలు పచ్చడి డబ్బాకు మూత కింద ప్లాస్టిక్ కవర్ వేసి బిగించి, జిప్‌లాక్‌లో పెట్టి, పెట్టె నడుమ సర్దండి. అంచుల్లో వద్దు.

పద్మ_విజయవాడ: థాంక్యూ లక్ష్మిగారూ. వాళ్లకు ఇంగ్లీష్ రాదు, పెట్టె పగిలితే ఎవరికి చెప్పుకోవాలి?

బ్యాగేజీ_అన్న: బెల్టు దగ్గరే ఎయిర్‌లైన్ డెస్కులో రిపోర్టు రాయించి నంబర్ తీసుకోవాలమ్మా. ఇంటికొచ్చాక చూసుకుంటే, అంతర్జాతీయ ప్రయాణానికి ఏడు రోజుల్లోపు రాతపూర్వకంగా ఇవ్వాలి. బయల్దేరే ముందు తెరిచిన పెట్టె ఫొటో, మూసిన పెట్టె ఫొటో మామగారి ఫోన్‌లో తీయించండి.