పట్టి విడుచుకన్న? పట్టు విడుటకన్న? (హార్డ్‌డిస్కు దగ్గర ఆగిపోయిన వేమన పద్యం మీద గ్రూపు చర్చ; ఎవరి ఊరు వారి పేరు)

నల్లగొండ:
ఇంట్లో పెట్టుకునే లినక్స్ స్టోరేజ్ సర్వర్ల మీద తెలుగులో చిన్న పుస్తిక ఒకటి తయారవుతున్నది. ఎక్స్‌టర్నల్ డిస్కు మౌంట్ కాకపోవుడు (తగిలించినా ఫోల్డర్‌గా ఎక్కకపోవుడు) ఒక అధ్యాయం, మౌంటయింది ఊడిరాకపోవుడు ఇంకో అధ్యాయం. రెండోదానికి తలకట్టుగా వేమన మూడో పాదం పెడదామంటే అది నోటికి మూడు తీర్ల వస్తున్నది:

పట్టి విడుచుకన్నఁ బరగఁ జచ్చుట మేలు
పట్టు విడుటకన్నఁ బడి చచ్చుటయె మేలు
పట్టి విడుచుటకన్న పడి చచ్చుటే మేలు

ఏది పెట్టాలె? కమాండ్లు రాస్తే మన గ్రూపు పద్ధతిలో తెలుగు లిపిలోనే రాయండి. టైపు చేసేటప్పుడు ఇంగ్లీషు చిన్నక్షరాలని అందరికీ తెలిసిందే, పెద్దక్షరం అయితే చెప్పండి.

వనపర్తి:
మూడోది కొట్టేయండి. ఆటవెలది మూడో పాదానికి మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. ‘పట్టి’ గలం (గురువు, లఘువు), ‘విడుచు’ నగణం (మూడు లఘువులు), రెండూ సూర్యగణాలే, అక్కడిదాకా బాగానే ఉంది. తరువాత ‘టకన్న’ అని జగణం వచ్చి కూర్చుంది, అది సూర్యగణం కాదు. ఆ ‘ట’ ఒక్కటి తీసేస్తే పాదం నడుస్తుంది. సగం మంది బడిలో నేర్చింది ఆ ‘ట’తోనే, అందుకే పాడేటప్పుడు అక్కడ తడబడతారు.

మిగతా రెండూ ఛందస్సుకు సరే. ‘పరగఁ జ’ నగము, ‘చ్చుట మేలు’ సలము. రెండోదాంట్లో ‘పడి చచ్చు’, ‘టయె మేలు’ రెండూ సలాలే. యతి రెండుచోట్లా ప–బ.

జడ్చర్ల:
అక్షరం మింగుడు వేమనకేనా? కమాండు కూడా ‘అన్‌మౌంట్’ కాదు, ‘యూమౌంట్’. మధ్యల ‘ఎన్’ లేదు. ‘ఎన్’ పెట్టి కొడితే ‘కమాండ్ నాట్ ఫౌండ్’ అంటది. పుస్తికలో ముందు ఆ ముక్క రాయి అన్నా, ‘ట’ సంగతి తరువాత.

మిర్యాలగూడ:
ఛందస్సు రెంటినీ ఒప్పుకుంది కాబట్టి అర్థం చూడాలి. ‘పట్టి విడుచు’ అంటే పట్టుకున్నవాడే వదలడం. ‘పట్టు విడుట’ అంటే పట్టు దానంతటదే సడలడం, ముడి విడినట్టు. డిస్కు విషయంలో ఇవి రెండు వేర్వేరు రోగాలు. యూమౌంట్ మనం చేసేది, అది విడుచుట. నడుస్తూ నడుస్తూ డిస్కు మాయమైతే అది విడుట.

విడుటకు మందు యూమౌంట్ అధ్యాయంలో దొరకదు. ‘డీమెసెజ్ -డబ్ల్యూ’ నడుపుతూ కేబుల్ పెట్టి చూడాలి. ‘యూఎస్‌బీ డిస్‌కనెక్ట్’ వచ్చి, వెంటనే కొత్త డివైస్ నంబరుతో మళ్లీ పలికితే ముందు కరెంటును అనుమానించండి. యూఎస్‌బీ 2 పోర్టు ఇవ్వాల్సింది 500 మిల్లీ ఆంపియర్లు, యూఎస్‌బీ 3 పోర్టు 900. రెండున్నర అంగుళాల డిస్కు తిరగడం మొదలుపెట్టే క్షణంలో ఒక ఆంపియర్ దాకా లాగుతుంది. రాస్ప్‌బెర్రీ పై 4లో (చిన్న బోర్డు కంప్యూటర్) నాలుగు పోర్టులకూ కలిపి 1.2 ఆంపియర్లే. పై 5కు 5 ఆంపియర్ల అడాప్టర్ పెడితేనే 1.6 వస్తుంది, 3 ఆంపియర్ల అడాప్టరుకు 600 మిల్లీ ఆంపియర్ల దగ్గర ఆపేస్తుంది. రెండు డిస్కులు తగిలిస్తే రెండోది ఎక్కగానే మొదటిది పడిపోవడానికి కారణం ఇదే. సొంత అడాప్టరున్న హబ్బు పెట్టాలి, లేదా 12 వోల్టుల అడాప్టరుతో వచ్చే మూడున్నర అంగుళాల డిస్కు వాడాలి.

కరెంటు సరిపోయినా పెద్ద కాపీ మధ్యలో ‘యూఏఎస్_ఈహెచ్_అబార్ట్_హ్యాండ్లర్’, దాని వెనకే ‘రీసెట్ సూపర్‌స్పీడ్’ అని వరుసగా పడుతుంటే తప్పు ఎక్కువగా డిస్కుది కాదు, డబ్బాలోని బ్రిడ్జి చిప్పుది (డిస్కును యూఎస్‌బీకి కలిపేది). ‘ఎల్‌ఎస్‌యూఎస్‌బీ’లో దాని రెండు నంబర్లు చూసి, కర్నెల్ (లినక్స్ మూలభాగం) కమాండ్‌లైన్‌లో ‘యూఎస్‌బీ-స్టోరేజ్.క్వర్క్స్=మొదటిది:రెండోది:యూ’ అని చేర్చి రీబూట్ చేయాలి. రాస్ప్‌బెర్రీ పైలో అయితే సీఎండీలైన్ ఫైలు మొత్తం ఒకే వరసలో ఉండాలి. ఎంటర్ కొట్టి కింది వరసలో రాస్తే పట్టించుకోదు. వేగం కొంత తగ్గుతుంది, పట్టు మాత్రం సడలదు. రీబూట్ అయ్యాక ‘ఎల్‌ఎస్‌యూఎస్‌బీ -టీ’లో డ్రైవర్ ‘యూఏఎస్’ పోయి ‘యూఎస్‌బీ-స్టోరేజ్’ అని కనబడితే పని జరిగినట్టు.

కాబట్టి నీ అధ్యాయానికి ‘పట్టి విడుచుకన్న’.

కొల్లాపురం:
‘విడు’ అకర్మకమేనని ఎవరన్నారు? ‘కోపం విడు’ అనమా? కర్మ ఎదురుగానే ఉంది కదా. మీ రెండు రోగాలూ నిజమే, వాటిని వేమన నెత్తిన రుద్దకండి.

జడ్చర్ల:
మా దిక్కు ఆ పంచాయితే లేదు. ‘ఇడిసిపెట్టు’ అంటే మనం వదులుడు, ‘ఊసిపోయింది’ అంటే దానంతటది పోవుడు.

దేవరకొండ:
అసలు పద్యంలో పట్టినవాడెవడో తేలకుండా విడుచుట గురించి ఎందుకు కొట్లాట? ‘టార్గెట్ ఈజ్ బిజీ’ అన్నప్పుడు మొదటి ప్రశ్న కూడా అదే, ఎవడు పట్టుకున్నడు?

‘ఫ్యూజర్ -వీఎం /ఎస్‌ఆర్‌వీ/డిస్క్1’ కొడితే పట్టుకున్న ప్రాసెస్‌ల పేర్లు, నంబర్లు వస్తయి. నంబరు పక్కన ‘సి’ ఉంటే ఎవరో ఆ ఫోల్డర్‌లోకి ‘సీడీ’ కమాండుతో దిగి కూర్చున్నరు. పది సార్లల్ల ఆరేడు సార్లు అది వేరే టెర్మినల్‌లో మనమే. ఎస్‌ఎంబీడీ (ఫైల్ షేర్ సర్వర్) కనబడితే టీవీనో ఫోనో షేర్ తెరిచి ఉంచింది, ‘ఎస్‌ఎంబీస్టేటస్’ చెప్తది. డాకర్ కంటైనర్ (విడి డబ్బాలో నడిచే ప్రోగ్రాం) అయితే దాన్ని ఆపాలె. సినిమాలు చూపే సర్వర్లు లైబ్రరీ స్కాన్ మధ్యల వదలవు.

అసలు తిరకాసు ఫ్యూజర్, ఎల్‌సాఫ్ (తెరిచిన ఫైళ్లు చూపే కమాండు) రెండూ ఖాళీ చూపించి, యూమౌంట్ మాత్రం బిజీ అన్నప్పుడు. అప్పుడు పట్టుకున్నది ప్రాసెస్ కాదు, కర్నెలే. ఎన్‌ఎఫ్‌ఎస్‌లో (నెట్‌వర్కు షేర్) ఎక్స్‌పోర్ట్ చేసి ఉన్నదా? ‘ఎక్స్‌పోర్ట్‌ఎఫ్‌ఎస్ -యూ’తో తీసెయ్యాలె. స్వాప్ ఫైలు ఆ డిస్కు మీదున్నదా? ‘స్వాప్‌ఆన్ --షో’. ఐఎస్‌ఓ ఫైలు లూప్‌లో ఎక్కించి ఉన్నదా? ‘లోసెటప్ -ఏ’. దాని లోపలి ఫోల్డర్ మీద ఇంకో మౌంటున్నదా? ‘ఫైండ్‌ఎంఎన్‌టీ -ఆర్’, ఈ ‘ఆర్’ మాత్రం పెద్దక్షరం. ఈ నాలుగు చూడకుండ చాలామంది ‘యూమౌంట్ -ఎల్’ కొడ్తరు. అది విడుచుడు కాదు. పేరు పట్టీలోంచి తీసేసి, పట్టును కండ్లకు కనబడకుండ చేసుడు. రాసేది లోపల రాస్తనే ఉంటది. ఆ ధైర్యంతో కేబుల్ గుంజితే ఫైల్ సిస్టం పోతది. ‘ఫ్యూజర్ -కేఎం’ ఇంకా మోటు, ఆ డిస్కును తాకిన ప్రతి ప్రాసెస్‌ను చంపుతది.

వనపర్తి:
‘పడి చచ్చుటయె’ వాదులకు ఇదిగో కమాండు దొరికింది.

కొల్లాపురం:
‘చచ్చుటయె’ అన్నాం కాబట్టి ఇంకో మాట. పైన నల్లగొండ ‘బడి చచ్చుట’, ‘బరగఁ జచ్చుట’ అని సరిగ్గానే రాసిండు. కొన్ని అచ్చు ప్రతుల్లో ‘పడి జచ్చుట’ అని కూడా కనబడుతుంది, అది తప్పు. ‘పరగన్’ ద్రుతప్రకృతికం (చివర ‘న్’ ఉన్నది) కాబట్టి చకారం జకారమైంది. ‘పడి’ క్త్వార్థకం (‘చేసి’ లాంటి క్రియ), కళ (చివర ‘న్’ లేనిది), దాని తరువాత సరళం (గ, జ, డ, ద, బ) రాదు.

వనపర్తి:
ఒప్పుకున్నాం. యతి విషయం మాత్రం పైన క్లుప్తంగా అయింది, అక్కడ అప్పకవిని తలచుకోవాలి. ప, ఫ, బ, భలకు పరస్పరం చెల్లుబాటు అవుతుంది కాబట్టి ‘పట్టి’కి ‘బరగ’ సరిపోయింది. 1656లో మొదలుపెట్టిన లక్షణగ్రంథంలో ఆయన యతులకు పెట్టినంత ఓపిక మరెవరూ పెట్టలేదు. ఇంటిపేరు కాకునూరి.

జడ్చర్ల:
ఆ కాకునూరు మన కేశంపేట దగ్గరిదే. ఇప్పుడు రంగారెడ్డి జిల్లాలకు పోయింది కానీ పాత లెక్కల పాలమూరే. పాలమూరోళ్లు యతి గురించి మాట్లాడితే మిగతా జిల్లాలు వినాలె.

మిర్యాలగూడ:
ఆయన గ్రంథం రాసింది పల్నాటి కామేపల్లిలో. కృష్ణ దాటాకే పని జరిగిందని మేమూ అనొచ్చు.

నల్లగొండ:
అప్పకవిని కాసేపు పక్కన పెట్టండి. ఎఫ్‌ఎస్‌ట్యాబ్ (బూటయ్యేటప్పుడు ఏ డిస్కు ఎక్కడ ఎక్కాలో రాసే ఫైలు) అధ్యాయానికి రెండో పాదం ‘పట్టెనేని బిగియఁ బట్టవలయు’ అనుకున్న. దాంట్లో పాఠభేదం లేదు కదా?

దేవరకొండ:
పాఠభేదం లేదు, అర్థంలనే ప్రమాదమున్నది. ఎక్స్‌టర్నల్ డిస్కును ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో బిగియఁ బట్టరాదు. ఉత్త ‘డీఫాల్ట్స్’ అని రాసి, బూటయ్యేటప్పుడు ఆ డిస్కు లేకపోతే, ఒకటిన్నర నిమిషం ‘స్టార్ట్ జాబ్ ఈజ్ రన్నింగ్’ అని చూపించి ఎమర్జెన్సీ మోడ్‌లో పడ్తది. మానిటర్ లేని సర్వర్‌కు అది చావే, నెట్‌వర్కు కూడా లేవదు. రాయాల్సిన వరస ఇట్లుంటది:

యూయూఐడీ=(మీది) /ఎస్‌ఆర్‌వీ/డిస్క్1 ఎక్స్‌టీ4 డీఫాల్ట్స్,నోఫెయిల్,ఎక్స్-సిస్టమ్‌డీ.డివైస్-టైమవుట్=10ఎస్ 0 2

కామాల మధ్య ఖాళీ ఉండొద్దు. ఉంటే దాన్ని కొత్త కాలమ్ అనుకుంటది. మొదట్ల ‘యూయూఐడీ’ అన్న మాట మాత్రం పెద్దక్షరాలే. ఆ నంబరును (డిస్కు సొంత గుర్తింపు) ‘ఎల్‌ఎస్‌బీఎల్‌కే -ఎఫ్’లోంచి తీసుకోవాలె. ఎస్‌డీఏ, ఎస్‌డీబీ పేర్లు నమ్మొద్దు, కేబుళ్లు అవే ఉన్నా రీబూట్‌కు అటిటు అయితయి. ఫైలు మార్చినంక ‘సిస్టమ్‌సీటీఎల్ డీమన్-రీలోడ్’, తరువాత ‘ఫైండ్‌ఎంఎన్‌టీ --వెరిఫై’, తరువాతనే ‘మౌంట్ -ఏ’. ఈ మూడు దాటకుండ రీబూట్ చేయొద్దు.

కొల్లాపురం:
అంటే నోఫెయిల్ వేమనకు వ్యతిరేకం.

దేవరకొండ:
మొదటి పాదం చూడు, ‘పట్టు పట్టరాదు’. నోఫెయిల్ అంటే అదే.

హుజూర్‌నగర్:
నోఫెయిల్ పెట్టినోళ్లకు ఇంకో గుంత ఉన్నది, అది రాయకపోతే పుస్తిక అసంపూర్ణం. డిస్కు ఎక్కకపోయినా బూట్ అయిపోతది, /ఎస్‌ఆర్‌వీ/డిస్క్1 అనే ఉత్త ఫోల్డర్ మాత్రం ఉంటది. రాత్రి బ్యాకప్ స్క్రిప్టు అందులోనే రాస్తది, అంటే ఎస్‌డీ కార్డు మీద. పొద్దుగాల కార్డు నిండి సర్వర్ నిలబడుతది. తరువాత డిస్కు ఎక్కితే ఆ ఫైళ్లు దాని కింద దాగుతయి. ‘డీఎఫ్’ నిండిందంటది, ‘డీయూ’ ఏమీ లేదంటది. డిస్కు దించి ఉన్నప్పుడు ఆ ఫోల్డర్‌కు ఒక్కసారి ‘సీహెచ్‌ఏటీటీఆర్ +ఐ’ కొడితే చాలు, డిస్కు లేనప్పుడు రూట్ కూడా అందులో రాయలేడు. డిస్కు ఎక్కినంక దానికి అడ్డం రాదు. స్క్రిప్టు మొదటి వరసలో ‘మౌంట్‌పాయింట్ -క్యూ’ పరీక్ష కూడా పెట్టండి. డాకర్‌ది ఇదే బాపతు. కంటైనర్ ముందు లేచి డిస్కు తరువాత ఎక్కితే కంటైనర్‌కు పాత ఖాళీ ఫోల్డరే కనబడుతది, రీస్టార్ట్ చేస్తేనే తెలివికొస్తది.

జడ్చర్ల:
విండోస్‌ల నుంచి తెచ్చిన ఎన్‌టీఎఫ్‌ఎస్ డిస్కులు ‘వాల్యూమ్ ఈజ్ డర్టీ’ అని మొరాయిస్తయి, అది రాస్తున్నవా? విండోస్ ఫాస్ట్ స్టార్టప్‌తో సగం నిద్రల ఉండంగనే గుంజితే అట్లయితది. అదే మిషనుకు తిరిగి పెట్టి ‘సీహెచ్‌కేడీఎస్‌కే’కు ‘/ఎఫ్’ జోడించి నడపాలె, పూర్తిగా షట్‌డౌన్ చేసి తియ్యాలె. ‘ఎన్‌టీఎఫ్‌ఎస్‌ఫిక్స్’ గుర్తు తుడుస్తది, రోగం తియ్యదు. ఇంకోటి, ఎన్‌టీఎఫ్‌ఎస్ మీదైనా ఎక్స్‌ఫ్యాట్ మీదైనా సీహెచ్‌ఓన్ (ఓనరును మార్చే కమాండు) కొట్టి మామూలుగ లాభం లేదు. మౌంట్ చేసేటప్పుడే యూఐడీ, జీఐడీ, యూమాస్క్ ఇయ్యాలె.

హుజూర్‌నగర్:
పెద్ద డిస్కును డబ్బాలోంచి ఊడదీసి సాటా కేబుల్‌కు పెట్టినప్పుడు పార్టిషనే కనబడకపోతే గాబరాపడి ఫార్మాట్ చేయొద్దని కూడా రాయండి. కొన్ని డబ్బాలు 512 బైట్ల సెక్టార్లను 4096గా చూపిస్తయి. డేటా అంతా ఉంటది, లెక్క మారింది అంతే. మళ్లీ అదే డబ్బాలో పెడితే కనబడుతది.

మిర్యాలగూడ:
మూడో పాదానికి వస్తే, ‘పరగ’కు ఒప్పుగా, చక్కగా అని అర్థం ఉంది. పడి చచ్చుట అంటే కేబుల్ గుంజితే పోవడం. పరగఁ జచ్చుట అంటే ‘సింక్’, ‘యూమౌంట్’, ఆ పైన ‘యుడిస్క్‌స్‌సీటీఎల్ పవర్-ఆఫ్ -బీ /డెవ్/ఎస్‌డీబీ’, డిస్కు తిరగడం ఆగి దీపం ఆరాక కేబుల్ తీయడం. యూమౌంట్ ఒక్కదానితో ఆపితే పళ్లెం ఇంకా తిరుగుతుంటుంది, అప్పుడు తీస్తే హెడ్డు అత్యవసరంగా పక్కకు జరగాల్సి వస్తుంది. ‘పరగ’ పాఠమే సాధువు అనడానికి ఇంతకన్నా ఏం కావాలి?

వనపర్తి:
పాదపూరణానికి వేసిన ‘పరగ’కు ఇంత భారమా! యతిస్థానంలో బకారం కావాలి, మూడు మాత్రలు కావాలి, వేశాడు. శతకాలనిండా ‘పరగ’లు, ‘వెలయ’లు ఇట్లాంటివే.

కొల్లాపురం:
శతకాలు కాదు, వేమనవి శతకం కానే కాదు. బ్రౌన్ దొర 1829లో అచ్చువేసింది ఏరి కూర్చిన పద్యాలను. వేమన స్వహస్తం లేనప్పుడు ‘ట’ ఉందా లేదా అని ఛందస్సును సాక్ష్యానికి పిలవడం కూడా ఒక నమ్మకమే. తాళపత్రాల్లో గణం తప్పిన పద్యాలు లేవా?

వనపర్తి:
ఉన్నాయి. తప్పింది రాయసకానికి (నకలు రాసినవాడికి), కవికి కాదు.

నల్లగొండ:
రాయసకాడు ఎవడో, కవి ఎవడో మీరు తేల్చేలోగా పుస్తిక అచ్చుకు పోతది. మిర్యాలగూడ అన్నా, ఆ పవర్-ఆఫ్ కమాండు అన్ని డబ్బాలకూ పనిచేస్తదా?

మిర్యాలగూడ:
చేయదు. కొన్ని డబ్బాలు ఆ ఆజ్ఞను లోపలి డిస్కుదాకా పోనివ్వవు. ముందు ‘హెచ్‌డీపారమ్ -వై’ ప్రయత్నించి, చెవి పెట్టి వినాలి. అడాప్టరున్న డబ్బాకు బటన్ ఉంటుంది, యూమౌంట్ అయ్యాక అది నొక్కితే చాలు.

జడ్చర్ల:
వేమన సంగతి వదిలేయండి గానీ, ‘యూమౌంట్’ల ఎన్ ఎవరు మింగిండ్రు?

కొల్లాపురం:
రాయసకాడు.