పెద్దాసుపత్రిలో పడకలు పెంచాలా, పల్లెలో మాత్రలు ఆగకుండా చూడాలా?

తుంగభద్ర తీరం (కర్నూలు):

చర్చకు పెడుతున్న ప్రశ్న ఇది. బయటి రోగుల సేవను, అంటే ఓపీని, సక్రమంగా నడిపితే ఆసుపత్రిలో చేరవలసి వచ్చే కేసులలో కొన్నింటిని ముందే ఆపగలమా? ఆపగలిగితే, చేరినవారి చికిత్సకు ప్రభుత్వం పెడుతున్న సొమ్ములో కొంత భాగాన్ని ఓపీకి మళ్లించడం న్యాయమేనా? రెండింటికీ నా జవాబు అవుననే. కాదనేవారు కారణాలతో రావాలని కోరుతున్నాను.

కర్నూలు పెద్దాసుపత్రికి మన జిల్లావారే కాక గద్వాల, రాయచూరు, బళ్లారి వైపు నుంచి కూడా జనం వస్తారు. ఇంతమందికి ఎన్ని పడకలు వేసినా చాలవు. అయితే మెడిసిన్ వార్డులో చేరేవారిలో పక్షవాతం, గుండె బలహీనపడి వచ్చిన ఆయాసం, షుగరు విపరీతంగా పెరిగి స్పృహ తప్పడం, కాలి పుండు కుళ్లడం వంటివి తక్కువేమీ కావు. ఇవేవీ రాత్రికి రాత్రి పుట్టుకొచ్చిన జబ్బులు కావు. ఆ రోగి వెంట వచ్చినవారి చేతిలోని ప్లాస్టిక్ కవరు విప్పి చూస్తే చాలావరకు కథ తెలిసిపోతుంది: సగం వాడి వదిలేసిన ఆమ్లోడిపిన్ అనే బీపీ మాత్రల అట్ట, మరో డాక్టరు రాసిన మరో బీపీ మాత్ర టెల్మిసార్టాన్, అంగడిలో అడిగి తెచ్చుకున్న నొప్పి మాత్రలు, ఎప్పటిదో ఒక షుగరు పరీక్ష కాగితం, మూడు చోట్ల తీసుకున్న ఓపీ చీటీలు. జబ్బు ఉన్నదని తెలుసు, మందు ఫలానా అని తెలుసు, దాన్ని మానకుండా వాడించిన మనిషి మాత్రం మధ్యలో ఎవరూ లేరు.

ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మొదలైనప్పుడు తొలి మూడు జిల్లాలలో మన అనంతపురం ఒకటి. పెద్ద ఆపరేషన్ కోసం పొలం అమ్ముకునే దుస్థితిని ఆ పథకం చాలామందికి తప్పించింది, అందులో నాకు సందేహం లేదు. పేర్లు మారినా, పరిమితి 2023 డిసెంబరులో 25 లక్షల రూపాయలకు చేరినా, డబ్బు కదిలే తీరు మాత్రం ప్రధానంగా ఒక్కటే: రోగి చేరాలి, ప్యాకేజీ మంజూరు కావాలి, బిల్లు రావాలి. కొన్ని చికిత్సల తరువాత ఏడాదిపాటు ఫాలో-అప్ ఉన్నది గాని, అది కూడా జబ్బు ముదిరి ఒకసారి చేరినవారికే. బీపీ మాత్ర మానకుండా వేయించినందుకు ఎవరికీ బిల్లు రాదు, పక్షవాతంతో పడకెక్కితే వస్తుంది.

వైద్యపరంగా ఇందులో వివాదం తక్కువ. పై బీపీ పది పాయింట్లు తగ్గితే పక్షవాతం సుమారు 27 శాతం, గుండె వైఫల్యం సుమారు 28 శాతం తగ్గుతాయని 2016లో లాన్సెట్ పత్రికలో వచ్చిన విస్తృత విశ్లేషణ తేల్చింది. అందుకు కావలసినది ఖరీదైన యంత్రం కాదు, చవకైన మాత్ర. పిల్లల విషయం కూడా అంతే. విరేచనాలతో సెలైన్ ఎక్కించుకునే అవసరం తగ్గించడానికే రోటావైరస్ టీకాను 2016లో దేశంలో మొదట ప్రవేశపెట్టిన నాలుగు రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఉన్నది.

అనంత ఎండ (అనంతపురం):

తీరం గారూ, మీ ప్రశ్నలో మొదటి సగాన్ని అంగీకరిస్తాను, రెండవ సగాన్ని అంగీకరించను. ఓపీ బాగుపడాలి, కాని అందుకు పడక మీద ఉన్నవాడి సొమ్ము తీసి ఇవ్వాలనడం ప్రమాదం.

ఓపీ పెంచితే అడ్మిషన్లు తగ్గుతాయన్నది వినడానికి నిజమనిపిస్తుంది, అందుకే దాన్ని పరీక్షకు పెట్టి చూసినవారు ఉన్నారు. అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రులు తొమ్మిదింటిలో షుగరు, దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు, గుండె వైఫల్యం ఉన్న 1,396 మందిని రెండు వర్గాలు చేసి, ఒక వర్గానికి డిశ్చార్జికి ముందు నుంచే ప్రత్యేకంగా ఒక నర్సును, ఒక డాక్టరును కేటాయించి, తరచుగా పిలిచి చూశారు. ఫలితాలు 1996లో ప్రచురించారు. ఎక్కువ శ్రద్ధ పొందిన వర్గమే మళ్లీ ఎక్కువగా ఆసుపత్రిలో చేరింది: నెలకు నూరు మందికి 19 చేరికలు, రెండవ వర్గంలో 14. రోగులు సంతృప్తిగా ఉన్నారు, అది వేరే మాట. ఎక్కువసార్లు చూస్తే ఎక్కువ జబ్బులు కనపడతాయి, కనపడితే చేర్చుకోక తప్పదు. మన పల్లెలలో ఇంతవరకు బయటపడని షుగరు, కిడ్నీ జబ్బులు ఎన్ని ఉన్నాయో ఆలోచించండి. దేశంలో పది కోట్ల మందికి షుగరు ఉన్నదని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) సర్వే 2023లో చెప్పింది. వారందరినీ సరిగ్గా వెతికి పట్టుకుంటే మొదటి కొన్నేళ్లు పెద్దాసుపత్రి మీద బరువు పెరుగుతుంది. అప్పుడు పడకల సొమ్ము కోసి ఉంటే ఏమవుతుంది?

ఇంకొక సంగతి. కూలికి పోయేవానికి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో (పీహెచ్‌సీలో) ఓపీ ఉచితమే గాని, ఆ పూట కూలి పోవడం ఉచితం కాదు. అతడు పని దిగి ఊరు చేరేసరికి ఓపీ ముగిసి ఉంటుంది, ఆర్‌ఎంపీ ఇంటి తలుపు తెరిచి ఉంటుంది. మీరు ఎంత సొమ్ము మళ్లించినా ఆ వేళలు మారకపోతే ఖాళీ కుర్చీలకే ఖర్చు పెట్టినట్లవుతుంది.

ఎర్రగుంట్ల బండ (కడప జిల్లా):

బండల పాలిషింగ్ యూనిట్లు ఉన్న ప్రాంతం నుంచి ఒక్క మాట చెప్పదలచాను. దుమ్ములో ఏళ్ల తరబడి పనిచేసి ఆయాసం పట్టినవారికి ఇక్కడ జరిగే చికిత్స ఒకటే: ఎగశ్వాస వచ్చినప్పుడు డెరిఫిలిన్, డెక్సా ఇంజెక్షన్లు, అప్పటికి తగ్గకపోతే ఆటోలో ఆసుపత్రికి. రోజూ పీల్చవలసిన ఇన్‌హేలర్ రాసినా వాడరు, అది అలవాటైపోతుందని భయం, నలుగురిలో తీయడానికి మొహమాటం. అదీగాక దాన్ని ఎలా పీల్చాలో చేసి చూపించడానికి డాక్టరుకు తీరిక ఉండదు. నోట్లో కొట్టుకుని ఊపిరి లోనికి లాగకుండానే వదిలేసేవారిని ఎందరినో చూశాను, మందంతా నాలుక మీదనే ఉండిపోతుంది. ఐదు నిమిషాలు కూర్చోబెట్టి, ఇన్‌హేలర్‌కు తగిలించే గొట్టం, అంటే స్పేసర్‌తో నేర్పితే తప్పే అడ్మిషన్లు ఇవి. ఆ ఐదు నిమిషాలకు ఏ పథకంలో పద్దు ఉందో మీ ఇద్దరిలో ఎవరైనా చెప్పండి.

ఆదోని దారి (గ్రామ క్లినిక్ ఉద్యోగి):

నేను ఆదోని డివిజన్‌లోని ఒక పల్లె క్లినిక్‌లో పనిచేస్తున్నాను కనుక, పైన చెప్పినవాటిలో ఏది ఎక్కడ తెగిపోతున్నదో చెప్పగలను.

ఫ్యామిలీ డాక్టర్ విధానం కాగితం మీద మంచిదే. పీహెచ్‌సీకి ఇద్దరు డాక్టర్లు, ఒకరు కేంద్రంలో ఉంటే మరొకరు 104 వాహనంతో ఊరికి రావాలి, ఒక్కో ఊరికి నెలకు రెండుసార్లు, మిగిలిన రోజుల్లో క్లినిక్‌ను మాలాంటివారు నడపాలి. ముప్పై ఏళ్లు దాటిన ప్రతివారికీ బీపీ, షుగరు చూసి పేరు నమోదు చేస్తున్నాము. నమోదు వరకు మా పని బాగుందనే చెప్పుకోవచ్చు. తరువాత పేరు పుస్తకంలోనూ యాప్‌లోనూ ఉంటుంది, మనిషి ఊళ్లో ఉండడు.

మా వైపు వాన మీద నమ్మకం పెట్టుకున్న సేద్యం. ఖరీఫ్ పంట చేతికి వచ్చినా రాకపోయినా, కోసిగి, మంత్రాలయం, పెద్దకడబూరు వైపు పల్లెల నుంచి కుటుంబాలు కుటుంబాలే సుగ్గికి పోతాయి: గుంటూరు వైపు పత్తి తీయడానికి, మిరపకాయలు కోయడానికి, లేదంటే బెంగళూరులో కట్టడాల పనికి. లారీ ఎక్కేటప్పుడు బియ్యం మూటలు, వంట సామాను, పసిపిల్లలు అన్నీ ఎక్కుతాయి. బీపీ మాత్రలు నెలకు సరిపడా మాత్రమే ఇచ్చి ఉంటాము. అవి అయిపోయాక అక్కడి పీహెచ్‌సీకి పోయి అడిగే తీరిక ఎవరికీ ఉండదు, పోయినా మీ ఊళ్లో తీసుకోమని అంటారేమోనన్న బెరుకు. మిరప కల్లంలో ఒంట్లో బాగానే ఉందనుకుని మానేస్తారు. బీపీకి నొప్పి లేదు కదా. మూడు నాలుగు నెలలు గడిచి తిరిగి వచ్చేవారిలో కొందరిని మేము చూసేది మూతి ఒక పక్కకు లాగేసిన తరువాతనే.

అందువల్ల ఎండ గారు చెప్పిన ఓపీ వేళల సమస్య నిజమే గాని, మా దగ్గర అంతకంటె పెద్దది ఈ తెగిపోవడం. మాకు కావలసినది కొత్త భవనం కాదు. సుగ్గికి పోయే ఇంటివారి జాబితా ఆశా కార్యకర్త దగ్గర ముందే ఉంటుంది, ఎవరి మేస్త్రీ ఎవరో, ఏ ఊరికి పోతున్నారో కూడా ఆమెకు తెలుసు. పోయే ముందు వారికి మూడు నెలల మాత్రలు ఒకేసారి కట్టి ఇచ్చే వీలుండాలి. గుండె జబ్బు ఉన్నవారికైతే మాత్రలు చాలవు. రెండు మూడు రోజుల్లో రెండు కిలోల బరువు పెరిగినా, పాదాలు నీరు పట్టినా ఆగకుండా చూపించుకోవాలని, ఉప్పు ఎక్కువగా ఉండే ఊరగాయతోనే కల్లంలో మూడు పూటలూ తినవద్దని చెప్పి పంపాలి. చివరి మాట విన్నప్పుడు అందరూ నవ్వుతారు, ఊరగాయ కాకపోతే అక్కడ ఏముంటుందని.

బండ గారు అడిగిన ఐదు నిమిషాల పద్దు ఎక్కడా లేదు. మా రోజులో ఎక్కువ భాగం యాప్‌లు నింపడానికే పోతున్నది. ఒకే మనిషి బీపీ అంకెను ఒకటికి మించిన చోట్ల ఎక్కించవలసి వస్తున్నది, ఇన్‌హేలర్ నేర్పించామని ఎక్కించడానికి మాత్రం గడి లేదు.

తుంగభద్ర తీరం:

ఎండ గారు చెప్పిన 1996 అధ్యయనం సరైనదే, అయితే అది దేన్ని పరీక్షించిందో చూడాలి. వారంతా అప్పటికే ఆసుపత్రిలో చేరి బయటికి వచ్చిన, జబ్బు ముదిరిన రోగులు. నేను మాట్లాడుతున్నది ఇంకా చేరని నలభై ఐదేళ్ల మనిషి గురించి. పైగా, ఎక్కువసార్లు చూడటం వేరు, ఒకే మనిషి చూడటం వేరు. ఇంగ్లండులో 62 నుంచి 82 ఏళ్ల వయసున్న రెండు లక్షల ముప్పై వేల మందికి పైగా రికార్డులు పరిశీలించి 2017లో ప్రచురించిన అధ్యయనంలో, ప్రతిసారీ దాదాపు ఒకే డాక్టరును కలిసినవారు ఇలాంటి నివారించదగిన జబ్బులతో ఆసుపత్రిలో చేరడం తక్కువగా కనిపించింది. అది కార్యకారణాన్ని పూర్తిగా రుజువు చేయదు, ఒప్పుకుంటాను. కాని ఆదోని దారి గారు చెప్పినది సరిగ్గా దానికి అద్దం పట్టినట్లుంది: మందు లేక కాదు, కొనసాగింపు లేక.

పడకల సొమ్ము కోయడం గురించి ఎండ గారి భయంలో పస ఉంది. కాబట్టి ఉన్నదాన్ని కోయకుండా, ప్రతి ఏటా పెరిగే కేటాయింపులోంచి ఓపీ మందులకు వాటా తీయాలన్నంతవరకు నా వాదనను సవరించుకుంటాను. పొరుగున తెలంగాణ 2018 నాటికే దేశవ్యాప్త బీపీ నియంత్రణ కార్యక్రమంలో చేరిన తొలి ఐదు రాష్ట్రాలలో ఒకటి. అక్కడ పద్ధతి సాదా: అందరికీ ఒకే వరుసలో మందులు, మందుల నిల్వ ఆగకుండా చూడటం, ప్రతి మూడు నెలలకు ఒక లెక్క, నమోదైనవారిలో ఎందరి బీపీ 140/90 లోపు ఉన్నదని. ఎందరిని పరీక్షించామన్న లెక్క కంటె ఇది ఎంతో నిక్కచ్చిగా ఉంటుంది.

అనంత ఎండ:

ఆ లెక్క పెట్టుకుంటే నాకు అభ్యంతరం లేదు. నేను ఒప్పుకోనిది ‘అడ్మిషన్లు తగ్గించాలి’ అన్న మాట కిందివారికి లక్ష్యంగా మారడం. అమెరికాలో వృద్ధులకు ప్రభుత్వం నడిపే వైద్య బీమా మెడికేర్ 2012 నుంచి, నెలరోజుల్లోపు మళ్లీ చేరే రోగులు ఎక్కువగా ఉన్న ఆసుపత్రులకు చెల్లింపుల్లో మూడు శాతం వరకు కోత వేస్తున్నది. మళ్లీ చేరికలు తగ్గాయి, గుండె వైఫల్యపు రోగులలో మరణాలు పెరిగాయా లేదా అన్నదానిపై అక్కడి వైద్య పత్రికలలో వాదం తెగలేదు. మన దగ్గర అలాంటి లక్ష్యం వస్తే ఏం జరుగుతుందో ఊహించడం కష్టం కాదు. రాత్రి పది గంటలకు ఆయాసంతో వచ్చిన ముసలమ్మకు నెబ్యులైజర్ పెట్టి, పొద్దున రమ్మని పంపేస్తారు. చేరికల సంఖ్యను నెలనెలా అధికారులు సమీక్షించే పట్టికలో పెట్టవద్దు, ఏడాదికోసారి చూసుకుంటే చాలు. బీపీ అదుపు లెక్క మాత్రం నెలనెలా అడగండి.

వేళల సమస్యకు మీలో ఎవరూ దారి చెప్పలేదు. వారానికి రెండు సాయంత్రాలైనా ఏడున్నర దాకా ఓపీ నడపమంటే, ఆ డాక్టరుకు, ఆ నర్సుకు ఇంటికి పోవడానికి బస్సు ఉందా, చీకటి పడ్డాక క్లినిక్ దగ్గర తోడు ఎవరు ఉంటారు అన్నవి కూడా ఆలోచించి అడగండి.

ఆదోని దారి:

మా ఊరికి చివరి బస్సు ఆరున్నరకు. ఆ తరువాత ఆటో దొరికితే దొరికినట్లు. కాబట్టి సాయంత్రపు ఓపీకి నేను సిద్ధమే గాని, అది పీహెచ్‌సీ ఉన్న ఊళ్లో మొదలుపెట్టాలి, ప్రతి పల్లెలో కాదు.

మూడు నెలల మాత్రల విషయం మా డాక్టరు గారితో మాట్లాడాను. ఇవ్వడానికి ఆయనకు అభ్యంతరం లేదు, ఇస్తే ఆ నెల నిల్వ సరిపోదు, మిగిలినవారికి ఆగిపోతాయని ఆయన లెక్క. జిల్లా డ్రగ్ స్టోరుకు మందులు కావాలని పంపే పట్టీ, అంటే ఇండెంటు, గత నెలల వాడకాన్ని బట్టి వేస్తారు గనుక, సుగ్గి ముందు నెలలో పెరిగే అవసరం అందులో ఎక్కడా కనపడదు. ఆశా కార్యకర్తల దగ్గరి జాబితాలు కలిపి, ఎవరికి ఆమ్లోడిపిన్, ఎవరికి షుగరు మాత్ర మెట్‌ఫార్మిన్ ఎంత కావాలో తేల్చి, దసరాకు ముందే వేరే ఇండెంటుగా పంపుదామని అనుకుంటున్నాము. గుంటూరు వైపు గ్రామ క్లినిక్‌లలో పనిచేసేవారు ఎవరైనా ఈ చర్చ చదువుతుంటే, మా మనుషులు దిగే కల్లాలకు దగ్గరగా ఉన్న పీహెచ్‌సీల పేర్లు ఇక్కడ రాయగలరు. చీటీ మీద ఆ పేరు రాసి పంపుతాము.