చెల్లికి లూథరన్ యూనివర్సిటీలో సీటొచ్చింది, పంపాలా వద్దా?

బ్రాడీపేట అన్న:
అందరికీ నమస్కారం. మాది గుంటూరు. మా చెల్లి ఇంటర్ ఎంపీసీ అయిపోయింది, మార్కులు బాగానే వచ్చాయి, కానీ ఇంజనీరింగ్ వద్దంటది, వాతావరణం చదువుతానంటది. 2023 డిసెంబర్లో మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు అది అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళోనే ఉంది, కోతకొచ్చిన వరి మొత్తం నీళ్ళలో పడిపోవడం కళ్ళారా చూసింది, అప్పట్నుంచి ఫోన్లో శాటిలైట్ బొమ్మలు చూస్తా కూర్చుంటది. ఇప్పుడు అమెరికాలో ఇండియానా రాష్ట్రంలో వాల్పరైజో యూనివర్సిటీలో మెటియరాలజీ బీఎస్‌కి సీటొచ్చింది, కొంత స్కాలర్‌షిప్ కూడా ఇస్తామన్నారు. అది లూథరన్లు అనే క్రైస్తవ శాఖ వాళ్ళ యూనివర్సిటీ అంట. ఇక ఇంట్లో మొదలైంది, బాబాయేమో అది బైబిల్ కాలేజీ అంటాడు, అమ్మకేమో పిల్లని రోజూ చర్చికి రమ్మంటారేమోనని భయం, మేం హిందువులం. నా బెంగ వేరే, అంత చిన్న యూనివర్సిటీ పేరు ఇక్కడ ఎవరికీ తెలీదు, రేపు ఆ డిగ్రీకి విలువ ఉంటదా అని. అక్కడ చదివినోళ్ళు ఎవరన్నా ఉంటే ఉన్నదున్నట్టు చెప్పండి ప్లీజ్.

బెజవాడ టు చికాగో:
బ్రో నేను ఎంఎస్ అక్కడే చేశా, ఐటీలో. మన తెలుగోళ్ళు చాలామందే వచ్చారు మా బ్యాచ్‌ల్లో. బైబిల్ కాలేజీ కాదు, నర్సింగ్, ఇంజనీరింగ్, బిజినెస్, సంగీతం అన్నీ ఉన్న యూనివర్సిటీ. 1859లో మెథడిస్టులనే ఇంకో క్రైస్తవ శాఖ వాళ్ళు పెట్టారు, 1925లో లూథరన్లు కొనుక్కున్నారు. క్యాంపస్ మధ్యలో పెద్ద చాపెల్, అంటే ప్రార్థనా మందిరం ఉంటది, 1959 నాటిది, రంగు అద్దాల మీద పొద్దున ఎండ పడితే లోపల నేలంతా రంగులే. ప్రార్థనకని క్లాసుల మధ్య కొంచెం టైమ్ వదుల్తారు, వెళ్తే వెళ్ళొచ్చు, వెళ్ళకపోతే ఎవరూ అడగరు. బుధవారం రాత్రి కొవ్వొత్తుల ప్రార్థన ఉంటది, నేను హిందువునే, పరీక్షల టైమ్‌లో ఊరికే వెళ్ళి వెనక కూర్చునేవాణ్ణి, ఆ పాట వింటుంటే ప్రాణం కుదుటపడేది. డిగ్రీ పిల్లలకి థియాలజీ, అంటే మతం గురించి ఒక పేపరు ఉంటది, అది చదివి ఆలోచించి రాయడమే, నమ్మి తీరాలని కాదు. అమ్మగారికి ఇది చెప్పండి.

నాకు అన్నిటికంటే మనసుకి పట్టింది మాత్రం ఆనర్ కోడ్, అంటే కాపీ కొట్టమని పిల్లలిచ్చే మాట మీద నడిచే పద్ధతి. 1943లో స్టూడెంట్సే పట్టుబట్టి పెట్టించుకున్నారు. పరీక్ష హాల్లో ఇన్విజిలేటర్ ఉండడు. ప్రొఫెసర్ పేపరిచ్చి బయటికి వెళ్ళిపోతాడు. నేను ఎవరి సాయం తీసుకోలేదు, ఎవరికీ ఇవ్వలేదు, ఎవరన్నా చేస్తుంటే చూసి ఊరుకోలేదు అని మనమే రాసి సంతకం పెట్టాలి. ఇంటర్లో నేను చదివిన కాలేజీలో హాల్ టికెట్, చొక్కా జేబు, బెల్టు అన్నీ తడిమి చూసి లోపలికి పంపేవాళ్ళు, అక్కణ్ణుంచి వచ్చినోణ్ణి, మొదటి పరీక్షరోజు ఆ వాక్యం రాస్తుంటే చేయి వణికింది, ఒకళ్ళు మనల్ని నమ్మారు అంటే ఇట్లా ఉంటదా అనిపించింది. ఇంకో సంగతి, 1940ల చివర్లో ఇంజనీరింగ్ కోర్సు నిలబడాలంటే బిల్డింగ్ కావాలి, అది లేదంటే స్టూడెంట్సే ఇటుకలు మోసి కట్టుకున్నారంట, ఆ కథ ఇప్పటికీ కొత్త పిల్లలకి చెప్తారు.

మెటియరాలజీ అయితే చెల్లి మంచి చోటే చూసుకుంది, క్యాంపస్‌లోనే వానల్నీ గాలుల్నీ పసిగట్టే డాప్లర్ రాడార్ ఉంది, వేసవిలో పిల్లల్ని వ్యాన్లలో ఎక్కించుకుని అమెరికా మధ్యలో ఉండే విశాలమైన మైదాన ప్రాంతాలకి తీసుకెళ్ళి తుఫాను మేఘాల వెంట తిప్పుతారు. క్లాసులు చిన్నవి, ప్రొఫెసర్‌కి పేరుతో సహా తెలుస్తాం. ఊరు మాత్రం నిశ్శబ్దం. చికాగో గంట, గంటన్నర. మిషిగన్ సరస్సు మీంచి వచ్చే మంచు ఒక్క రాత్రిలో కారు కనపడకుండా కప్పేస్తది. మార్చిలో కాలేజీల బాస్కెట్‌బాల్ పోటీలు జరిగే రోజుల్లో ఊరంతా టీవీల ముందే, 1998లో మా యూనివర్సిటీ జట్టు ఆఖరి సెకన్లో వేసిన బాస్కెట్ గురించి ఇప్పటికీ నిన్న జరిగినట్టు చెప్పుకుంటారు.

పాత ఏసీ స్టూడెంట్:
బాబూ, మీ అమ్మగారికి ఒక్క మాట గుర్తుచెయ్యి. లూథరన్ అనే మాట గుంటూరుకి కొత్త కాదు. ఫాదర్ హయ్యర్ అనే లూథరన్ పాస్టరు పెన్సిల్వేనియా నుంచి 1842 జులై 31న మన ఊరొచ్చాడు. వాళ్ళ మిషనే 1885లో మొదలుపెట్టిన కాలేజీ మన ఏసీ కాలేజీ, అంటే ఆంధ్రా క్రిస్టియన్ కాలేజీ. నందమూరి తారక రామారావు చదివింది అక్కడే, జాషువా గారు కొన్నేళ్ళు పంతులుగా పనిచేసింది లూథరన్ మిషన్ వాళ్ళ ట్రైనింగ్ స్కూల్లో. అన్నా కుగ్లర్ అనే లేడీ డాక్టరు 1883లో వచ్చి ఆడవాళ్ళకి వైద్యం మొదలుపెట్టింది, కుగ్లర్ ఆస్పత్రిలో పుట్టినవాళ్ళు మీ ఇంట్లోనే ఉండొచ్చు, అడుగు. మా క్లాసులో బ్రాహ్మణులు, ముస్లిములు, క్రైస్తవులు, కమ్మ, మాల, మాదిగ అందరం ఒకే బెంచీల మీద కూర్చున్నాం, నా బతుకులో అన్ని ఇళ్ళ అన్నం తిన్నది ఆ మూడేళ్ళలోనే. నా మతం నాకే ఉంది, నా స్నేహితులు మాత్రం ఆ కాలేజీ ఇచ్చినవాళ్ళు.

ఊళ్ళన్నీ మగపిల్లలకీ ఆడపిల్లలకీ బడులు పెట్టాలని, ఈ లూథరన్ శాఖకి మూలపురుషుడైన మార్టిన్ లూథర్ ఆ రోజుల్లోనే, 1524లో, రాశాడు. అందుకే వాళ్ళు ఎక్కడికెళ్ళినా చర్చి పక్కనే బడి ఉంటది. ఆడపిల్ల తుఫాన్లు చదువుతానంటే భయపడాల్సింది లేదు నాయనా.

సింగ్‌నగర్ వాసి:
పైవాళ్ళు చెప్పింది నిజమే కానీ నేను డబ్బు సంగతి చెప్తా, తప్పుగా అనుకోవద్దు. ఒకటి, స్కాలర్‌షిప్ నాలుగేళ్ళూ ఉంటదా, ఏ గ్రేడ్ తగ్గితే పోతదో రాతపూర్వకంగా తీసుకోండి. చిన్న యూనివర్సిటీలకి ఇప్పుడు అమెరికాలో పిల్లలు తగ్గి డబ్బులకి ఇబ్బంది ఉంది, అక్కడే లా స్కూలు 2020లో మూసేశారు, అందుకని మెటియరాలజీ విభాగం నాలుగేళ్ళు నిలబడతదా అని సూటిగా అడగండి, సిగ్గుపడకండి. ఎఫ్-1 అనే స్టూడెంట్ వీసా మీద క్యాంపస్‌లో వారానికి 20 గంటలే పని, దాంతో ఫీజు తీరదు, చేతిఖర్చు వరకే.

రెండోది చాలామందికి తెలీదు. అమెరికా ప్రభుత్వ వాతావరణ శాఖలో ఉద్యోగానికి ఆ దేశ పౌరసత్వం ఉండాలి. ఈ డిగ్రీ స్టెమ్, అంటే సైన్సు, టెక్నాలజీ, ఇంజనీరింగ్, లెక్కల చదువుల కిందకి వస్తది కాబట్టి ఓపీటీ, అంటే చదువయ్యాక అక్కడే పనిచేసే అనుమతి, మూడేళ్ళ దాకా ఉంటది, ఆ లోపు ప్రైవేటు కంపెనీలో ఫోర్‌కాస్టింగో, ఇన్సూరెన్సో, లేదా పీహెచ్‌డీ దారి చూసుకోవాలి. మన దగ్గర కూడా దారుంది, ఫిజిక్స్, మ్యాథ్స్‌తో బీఎస్సీ చేసి విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ మెటియరాలజీ, ఓషనోగ్రఫీ విభాగంలో ఎమ్మెస్సీ చేయొచ్చు, ఖర్చు దీనికీ దానికీ పోలికే లేదు. ఇల్లు తాకట్టు పెట్టి పంపేటట్టయితే నేను వద్దనే అంటా.

ఇంత చెప్పినా, 2024 సెప్టెంబర్లో బుడమేరు నీళ్ళు మా ఇంట్లో ఛాతీదాకా వచ్చినప్పుడు మేడ మీద మూడు రోజులున్నాం, ఎంత వాన పడతదో ముందే చెప్పగలిగే మనిషి మన భాషలో మాట్లాడేవాళ్ళు ఒక్కరన్నా ఎక్కువ ఉండాలని ఆ రోజు అనుకున్నా. చెల్లిని ఆ చదువు మాత్రం మానిపించకండి, ఎక్కడ చదివినా సరే.

బ్రాడీపేట అన్న:
అందరికీ చాలా థ్యాంక్స్ అండి. ఏసీ స్టూడెంట్ గారూ, మీరు చెప్పినట్టు అడిగితే మా నాయనమ్మ పుట్టింది కుగ్లర్ ఆస్పత్రిలోనే అంట, మాకెవరికీ ఇన్నాళ్ళూ తెలీదు, బాబాయి ఇంకేం మాట్లాడలా. ఇల్లు తాకట్టు పెట్టే పరిస్థితి లేదు, నాన్న పొలం అమ్మిన డబ్బు కొంత ఉంది, కానీ స్కాలర్‌షిప్ కండిషన్లు, విభాగం సంగతి రేపే మెయిల్ పెట్టి అడుగుతాం. జవాబు తేడాగా వస్తే విశాఖకే. చెల్లికి ఆనర్ కోడ్ గురించి చదివి వినిపిస్తే ఆ వాక్యం నోట్‌బుక్‌లో రాసుకుంది. అమ్మ అడుగుతోంది, స్వెట్టర్లు ఇక్కడే కొనాలా అని.

బెజవాడ టు చికాగో:
అక్కడి చలికి ఇక్కడి స్వెట్టర్లు చాలవు బ్రో, కోటు, బూట్లు అక్కడికి వెళ్ళాకే కొనుక్కోమను. ఆవకాయ, కారప్పొడి మాత్రం ఇక్కణ్ణుంచే.